‘పుట్ అప్’: ఒక ఆంగ్లక్రియ, దాని అర్థపరంపర

గోడ కట్టుటకును, గొడుగు విప్పి పట్టుటకును, అతిథిని ఇంట నుంచుకొనుటకును, అద్దె పెంచుటకును, ఎన్నికలలో అభ్యర్థిని నిలబెట్టుటకును, ఇల్లు అమ్మకమునకు పెట్టుటకును, గోడమీద ప్రకటన అంటించుటకును, పొదలోని పక్షిని వేటకుక్క లేపుటకును, కత్తిని ఒఱలో దూర్చుటకును, అవమానమును నోరు మెదపక ఓర్చుకొనుటకును ఒక్కటే మాట చాలునన్నచో, ఆ భాషను క్రొత్తగా నేర్చువాడు అది సంపదయో దారిద్ర్యమో తేల్చుకొనలేక నిలిచిపోవుట సహజము. ఆ మాట ఇంగ్లీషులోని ‘పుట్ అప్’. ఇందు మొదటిది ‘ఉంచు’ అను అర్థముగల సామాన్యక్రియ. రెండవది ‘పైకి’ అను అర్థముగల అవ్యయము. రెండును ఆ దేశపు బిడ్డలకు శైశవముననే అబ్బు చిన్నమాటలు. అవి కలిసినంతనే పుట్టుకొని వచ్చిన అర్థములు మాత్రము నిఘంటుకారుల ఓపికను పరీక్షించునంతటివి. ఈ కలయికల స్వభావమును గూర్చి రెండున్నర శతాబ్దములకు పైగా జరిగిన చర్చ ఏయే దారులు త్రొక్కినదో, అందు నిలువదగిన వాదమేదో, మన భాషల యనుభవము దానికి ఏమైన చేర్చగలదో విచారింపవలసి యున్నది.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువును వెలువరించినపుడు, క్రియకు వెనుక ఒక చిన్న అవ్యయము చేరి దాని అర్థమునే మార్చివేయు ఈ పద్ధతి ఇంగ్లీషునందు మిక్కిలి విస్తారమనియు, విదేశీయులకు అన్నిటికంటె ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టునది ఇదియే యనియు పీఠికలో గుర్తించి, అట్టివానిని శ్రద్ధతో ఏర్చి చూపితినని చెప్పుకొనెను. ‘పుట్ అప్’ క్రింద ఆయన ఇచ్చిన అర్థములలో పగ తీర్చుకొనక ఊరకుండుట అనునది ఒకటి. నేటి పాఠకునకు వింతగా తోచు ఈ అర్థము ఆ క్రియ చరిత్రలో ఎంతటి కీలకమో ముందు తెలియగలదు. వస్తువు ఇంత పాతదైనను దానికి పేరు కుదురుటకు చాలకాలము పట్టినది. 1920లో అమెరికాలో ఆర్థర్ కెనెడీ ఈ విషయముపై ఒక గ్రంథమే రచించి దీనిని క్రియావ్యయసంయోగమని వ్యవహరించెను. అయిదేండ్లకు లోగన్ పియర్సాల్ స్మిత్ తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అను పుస్తకమున ‘ఫ్రేజల్ వర్బ్’ అను పేరు వాడి, దానిని తనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని తెలిపెను. ఆ పేరే స్థిరపడినది. మనము దీనిని పదబంధక్రియ యందము.

ఇంగ్లీషు తొలిదశలో ఇట్టి అవ్యయములు పెక్కు తావుల క్రియకు ముందే ఉండెడివి. దాని దాయాదియైన జర్మను భాషలో ఇప్పటికిని లేచుట యను అర్థమున ‘ఔఫ్‌ష్టేఎన్’ అను మాటలో పైకి అను భాగము ముందు నిలిచి, వాక్యమున క్రియ నడచినపుడు విడివడి చివరకు పోవును. ఇంగ్లీషున అవ్యయము క్రమముగా క్రియకు వెనుకనే స్థిరనివాస మేర్పఱచుకొనినది. పీటర్బరో మఠమున 1154 వఱకు వ్రాయబడిన కాలక్రమ వృత్తాంతమున ‘అప్’ అనునది పైకి అను దిక్కును విడిచి ‘పూర్తిగా’ అను భావమున కనబడుటను పండితులు ఎత్తి చూపిరి. ఈ మార్పునకు ఉత్తరదేశపు నార్స్ జాతుల సంపర్కము ఎంతవఱకు కారణము, భాష స్వయముగా సాగిన తీరు ఎంతవఱకు కారణము అను వివాదము తెగినది కాదు. తెగకున్నను మన ప్రస్తుత విషయమునకు లోటు లేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి, లాటిన్ పదములు వెల్లువగా వచ్చి పడినవి గదా. నిర్మించుటకు ‘ఎరెక్ట్’, సహించుటకు ‘టాలరేట్’, ప్రతిపాదించుటకు ‘నామినేట్’, వసతి కూర్చుటకు ‘అకామడేట్’ అని పండితులు పలుకుచుండగా ఇంటిలోను బజారులోను ‘పుట్ అప్’ తన పని తాను చేసికొనుచునే యుండెను. మనకు నిర్మించుట, కట్టుట; భుజించుట, తినుట అనువాని నడుమ ఎట్టి అంతరమో అక్కడ నిట్టి అంతరమే. కావుననే పాఠశాలలలోని ఉపాధ్యాయులు చాలకాలము ఈ బంధములను గ్రామ్యములని శంకించిరి. గ్రామ్యమనబడినదే భాషకు ఊపిరియగుట మన దేశమునను ఎఱుగని విషయము కాదు.

ఇక అర్థముల వంశావళిని పరికింతము. ‘పుట్ అప్’ అర్థములన్నియు చూచుటకు కలగాపులగముగా తోచినను, వెనుకకు నడచినకొలది మూడు పాయలు స్పష్టపడును. మొదటి పాయ నిజముగా పైకి పోవునది. చేయి ఎత్తుట, జెండా ఎగురవేయుట, గుడారము వేయుట, కట్టడము లేపుట, జుట్టు పైకి మడిచి కొప్పు పెట్టుకొనుట, అలసినవాడు కాళ్ళు ఎత్తుపీటపై చాపుకొని విశ్రమించుట, ఇవన్నియు ఈ కోవలోనివి. అద్దె, ధర, పన్ను పెంచుటయు దీనికి ప్రక్కనే నిలుచును. సంఖ్య పెరుగుటను ఎత్తునకు పోవుటగా ఊహించుట పెక్కు భాషలకు సాధారణము కాబట్టి ధర ఎక్కినదని మనమును, పైకి పోయినదని వారును చెప్పుచున్నాము. ఈ పాయను గూర్చి ఎవరికిని సందేహము లేదు. ఇచట ఎక్కువసేపు నిలువ పనిలేదు.

రెండవ పాయ కంటికి కనబడునట్లు చేయునది. పదిమంది దృష్టికి వచ్చునట్లు వస్తువును ఎత్తి నిలుపుటనుండి, ఎత్తుట జాఱిపోయి దృష్టికి తెచ్చుట మిగిలినపుడు, ప్రకటన అంటించుట, వస్తువును వేలమునకు పెట్టుట, అభ్యర్థిని రంగమునకు దింపుట, పెట్టుబడికి సొమ్ము ముందుకు తెచ్చుట, ఎదుటివానికి గట్టి ప్రతిఘటన చూపుట అను అర్థములు ఒకదాని వెంట నొకటి వచ్చినవి. పొదలో నక్కిన వేటపక్షిని కుక్క బయటికి లేపుటయు ఇందే చేరును. అభ్యర్థిని వారు పైకెత్తుచుండగా మనము రంగమునకు దింపుచున్నామనుటను పాఠకులు గమనించియే యుందురు. ఆ దిక్కుల విరోధమును గూర్చి ముందు మఱికొంత చెప్పవలసి యున్నది.

మూడవ పాయ అన్నిటికంటె రుచికరమైనది. ఏలయన అది మొదటి రెంటికిని విరుద్ధముగా వస్తువును కంటబడకుండ దాచును. ‘అప్’ అనునది మూసివేయుట, ముగించుట, కట్టివేయుట అను భావములకు చిరకాలముగా వాడుకలో నున్నది. తాళము వేయుట ‘లాక్ అప్’, మూటగట్టుట ‘ర్యాప్ అప్’. ఈ భావముతో ‘పుట్ అప్’ అనగా పని తీఱిన వస్తువును దాని చోట దాని నుంచుట. 1611 నాటి కింగ్ జేమ్సు బైబిలునందు, యోహాను సువార్తలో, కత్తి దూసిన పేతురును క్రీస్తు వారించి దానిని ఒఱలో పెట్టుమని ఆజ్ఞాపించు సందర్భమున ఈ క్రియయే కలదు. ఒఱ నడుమునుండి క్రిందికి వ్రేలాడునది. అందు కత్తి పోవుట క్రిందికే. అయినను మాట మాత్రము ‘పైకి’ అని పలుకుచున్నది. కంటికి కనబడు దిక్కు అర్థమును నిర్ణయించుట మానివేసినదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కఱలేదు.

కత్తి ఒఱలోనికి పోయినపిదప కలహము సమసినట్లే. కత్తిని ఒఱలోను నాణెమును సంచిలోను ఉంచినట్లు, అవమానమును ప్రతీకారము కోరక లోపల దాచుకొనుటకు పదునాఱవ, పదునేడవ శతాబ్దముల ఆంగ్లేయులు ఈ క్రియనే వాడిరి. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకము నాలుగవ అంకమున, ఇయాగో మాటలు నమ్మి నగలును ధనమును పోగొట్టుకొనిన రోడరిగో, తాను పడిన నష్టమును ఇక ఊరక మ్రింగి కూర్చుండనని ఎదురుతిరుగు చోట ఈ వాడుక స్పష్టముగా కానవచ్చును. అప్పటికి ‘విత్’ అను మూడవమాట అనివార్యము కాలేదు. అవమానమే నేరుగా కర్మయై నిలుచుచుండెను. జాన్సన్ పగతీర్చుకొనకుండుట యని చెప్పినది దీనినే. తరువాత ‘విత్’ చేరి, ‘పుట్ అప్ విత్’ అని ముప్పేటగా పెనవేసికొని, నేడు ఆ భాషలో సహించుటకు అన్నిటికంటె వాడుకైన మాటయైనది. ఇరుగుపొరుగు గోలను, వేసవి ఉక్కను, అల్లుని పొగరును ఆంగ్లేయుడు ‘పుట్ అప్ విత్’ చేయును. తాను ఒక కత్తిని ఒఱలో దూర్చుచున్నానని వానికి తోచనే తోచదు.

దీనికి తోబుట్టువు వసతి యర్థము. ప్రయాణము ముగిసిన గుఱ్ఱమును లాయమున కట్టివేయుటయు ‘పుట్ అప్’. గుఱ్ఱమునకు చెల్లిన మాట రౌతునకును చెల్లి, సత్రమున దిగుట, చుట్టమును రెండు రాత్రులు ఇంట నుంచుకొనుట అను అర్థములు నేటికిని వాడుకలో నున్నవి. అమెరికా పల్లెలలో గృహిణులు పండ్లకాలము ముగియుటకు ముందే దోసకాయలను, పీచిపండ్లను గాజు సీసాలలో నింపి, మూతలు బిగించి, శీతకాలమునకు అలమరలలో దాచుటకును ఇదే మాట. వారు ఊరగాయ ‘పుట్ అప్’ చేయుదురు. మనము ఊరగాయ పెట్టుదుము. ఏ సంపర్కమును లేని రెండు దేశముల వంటయిండ్లు ఒకే అర్థముగల ధాతువును చేరదీసికొనుట యాదృచ్ఛికమే యైనను, ఉంచుట యను క్రియకు నిలువచేయుట ఎంత సమీపమో అది తెలుపకపోదు.

ఈ మూడు పాయలలో దేనికిని సులువుగా ఒదుగని అర్థములును కొన్ని కలవు. డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ 1837 మొదలు ధారావాహికగా వెలువడినది. అందు ఒక యింట దొంగతనము యత్నింపబడిన పిమ్మట వచ్చిన ఇద్దరు నేరపరిశోధకులు, ఇంటి నౌకరులు లోపలనుండి చేయి కలిపిన దోపిడిని తమ వృత్తిభాషలో నేమందురో ఇంటివారికి విప్పి చెప్పు ఘట్టమున ‘పుట్ అప్’ అనునది విశేషణముగా అవతరించినది. నాటి దొంగల సంకేతము నేడు పత్రికలలో ముందుగా కల్పించి పెట్టిన కుట్రకు మర్యాదగల పేరైనది. ఒకనిని చెడుపనికి పురికొల్పుటకు ‘పుట్ అప్ టు’ అందురు.

ఇంతవఱకు చెప్పినది చరిత్ర. అసలు ప్రశ్న దీని తరువాతనే తలయెత్తును: ‘అప్’ అను ముక్కకు తనకు తానుగా అర్థము కలదా, లేక క్రియ ప్రక్కన నిలిచినపుడు మాత్రమే క్రియలో నిద్రించు అర్థమును మేల్కొలుపునా? భారతీయ పాఠకునకు ఈ ప్రశ్న ఎక్కడనో విన్నట్లుండవలెను. యాస్కుని నిరుక్తమున ఉపసర్గలను గూర్చి రెండు మతములు చెప్పబడినవి. విడిగా నున్న ఉపసర్గలకు అర్థము లేదనియు, అవి నామక్రియల యర్థమును ద్యోతింపజేయు దీపముల వంటివే యనియు శాకటాయనుని మతము. వానికి బహువిధములైన అర్థములు స్వతస్సిద్ధముగా కలవని గార్గ్యుని మతము. ద్యోతకత్వ వాచకత్వముల ఈ వివాదము అటుపిమ్మట వైయాకరణుల చేతిలో ఎంతో దూరము సాగినది. ‘హృ’ ధాతువొక్కటే ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని ఒక్కొక ఉపసర్గతో ఒక్కొక లోకమునకు ఎగిరిపోవుటను మన పాఠశాలలలో సంస్కృతము చదివిన పిల్లలందఱును ఎఱుగుదురు. అంతేకాదు, లౌకిక సంస్కృతమున ఉపసర్గ ధాతువునకు ముందు అంటుకొనియే యుండవలెను గాని, వేదభాషలో అది ధాతువునకు వెనుకను ఉండవచ్చుననియు, నడుమ వేఱు పదములు చొరబడవచ్చుననియు పాణిని సూత్రించెను. ఇంగ్లీషు ‘పుట్’కును ‘అప్’కును నడుమ అతిథిని కూర్చుండబెట్టు పద్ధతికి ఇంతకంటె దగ్గఱి పోలిక మఱియొకటి దొరకదు.

ఇంగ్లీషున ఈ చర్చను క్రొత్తదారి పట్టించినవారిలో డ్వైట్ బోలింజర్ ముఖ్యుడు. 1971 నాటి తన గ్రంథమున ఆయన, అవ్యయమునకు దిక్కు అను మూలార్థమును, దానినుండి సాగిన పరిసమాప్తి మొదలగు అర్థములును కలవని, నిరర్థకవాదమును బలహీనపఱచెను. 1980లో లేకాఫ్, జాన్సన్ అనువారు ఎక్కువ యనునది పైకి, తక్కువ యనునది క్రిందికి అను విధమగు రూపకములే నిత్యవ్యవహారమునకు పునాదులని చాటిరి. మఱుసటి ఏట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖలో సూసన్ లిండ్నర్ ‘అవుట్’, ‘అప్’ అను రెండు అవ్యయములనే తీసికొని, వానితో కూడిన క్రియలను రాసులుగా పరిశీలించి, పైకి పోవుట, గమ్యమును సమీపించుట, దృష్టికి వచ్చుట మొదలగు కొలది చిత్రములనుండి మిగిలిన అర్థములన్నియు శాఖోపశాఖలుగా వచ్చినవని సిద్ధాంతవ్యాసమున నిరూపింప యత్నించెను. వీరందఱును, తెలిసియో తెలియకయో, గార్గ్యుని పక్షమువారు.

ఈ వ్యాసకర్తకు ఈ పక్షము చాలవఱకు సమ్మతమే. కాని ఒక లోపము మాత్రము చెప్పక తప్పదు. రూపకవాదులు అర్థము తెలిసినపిదప దారి చూపుదురు గాని, తెలియనివానికి దారి చూపి అర్థమునకు చేర్చలేరు. కత్తి, ఒఱ, అవమానము అను మెట్లు మనము ఎఱుగుదుము కాబట్టి ‘పుట్ అప్ విత్’ సహజమని తోచును. ఎఱుగనివానికి ‘పైకి’, ‘ఉంచు’, ‘తో’ అను మూడు ముక్కలిచ్చి సహనమును ఊహింపుమన్నచో వాడు ఊహింపజాలడు.

ఇచట మన తెలుగే సాక్ష్యమునకు రాగలదు. పదబంధక్రియలు తెలుగునకు లేవని, అందుచేతనే మనవారికి అవి కొఱుకుడు పడవని చెప్పుట పరిపాటియైనది. ఇది అంతగా నిజము కాదు. ‘ఎగ’, ‘దిగ’, ‘వెలి’ అనునవి మనకు కలవు. ఎగబ్రాకుట, ఎగజిమ్ముట యన్నపుడు దిక్కు స్పష్టము. ఒకనిని తగవునకు ఎగదోయుట యన్నపుడు దిక్కు పోయి ప్రేరేపణ మిగిలినది. ఇది ఇంగ్లీషువారి ‘పుట్ అప్ టు’ అనుదానికి అచ్చముగా సరిపోవును. ఓడలోనికి సరకు ఎక్కించుట ఎగుమతి, దించుట దిగుమతి యైనవి. నేడు విమానముపై వచ్చినను దిగుమతియే, తీగపై వచ్చిన సాఫ్ట్‌వేరైనను దిగుమతియే. మఱి బాకీ ఎగవేయుట, పన్ను ఎగగొట్టుట, బడి ఎగగొట్టుట యన్నపుడు ఆ ‘పైకి’ ఎచటికి పోయినది? ఎనిమిదేండ్ల తెలుగు పిల్లవాడు తడబాటు లేక ఈ మాట వాడును. తెలుగు నేర్చు జర్మనువాడు దాని ముందు తల గోకికొనును. అవమానము విషయము ఇంతకంటె రమ్యము. ఆంగ్లేయుడు దానిని ‘పైకి’ ఉంచెను; మనము దానిని దిగమ్రింగుచున్నాము. ఒకరిది ఎత్తు, మఱియొకరిది పల్లము. ఫలము మాత్రము ఒక్కటే, నోరు మూసికొనుట. వారి మనస్సున మెదలిన పాత్ర ఒఱయో సంచియో. మన మనస్సున మెదలినది గొంతుక. లోపలికి పోవుట రెంటికిని సమానము. దిక్కును నిర్ణయించినది అవ్యయము కాదు, పాత్ర.

దీనినుండి నాకు తోచునది ఇది: అర్థబాహుళ్యమంతయు ‘అప్’లో నున్నదని ఒకరును, ‘పుట్’లో నున్నదని ఒకరును, రెంటి కలయికలో నున్నదని ఒకరును వాదించుచుండగా, నిజముగా అర్థమును తేల్చి చెప్పునది వాని ప్రక్కన నిలిచిన నామవాచకము. తెలుగు ‘పెట్టు’ను చూడుడు. ముగ్గు పెట్టుట, ముహూర్తము పెట్టుట, పేరు పెట్టుట, అంగడి పెట్టుట, తాకట్టు పెట్టుట, పందెము పెట్టుట, అన్నము పెట్టుట యన్నచో ఎవరును తికమకపడరు. ఆ నామము చెవిని పడగానే క్రియ తన స్థానమున తాను కుదురుకొనును. ‘పుట్ అప్’ ప్రక్కన గోడ వచ్చినచో కట్టుట. అద్దె వచ్చినచో పెంచుట. చుట్టము వచ్చినచో వసతి. ఒక రాజకీయపక్షము మంచి మనిషిని ‘పుట్ అప్’ చేసినదన్నచో ఎన్నికలకు నిలిపినదనియు, ఒక పూటకూటియింటి యజమానురాలు మంచి మనిషిని ‘పుట్ అప్’ చేసినదన్నచో గది ఇచ్చినదనియు అర్థము. ఇచట కర్మ ఒక్కటే యైనను కర్త వేఱగుటచే సంశయము తొలగినది. నిఘంటువునందు ఒంటరిగా నిలిపి చూచినపుడే ఈ క్రియ భయంకరము. వాక్యమున అది సాధువు.

లెక్కలు కట్టినవారి మాటయు వినదగినది. 2007లో గార్డ్‌నర్, డేవీస్ అను పండితులు 10 కోట్ల పదములుగల బ్రిటిష్ నేషనల్ కార్పసును శోధించి, 20 క్రియలు 8 అవ్యయములతో చేయు కలయికలే మొత్తము పదబంధక్రియా ప్రయోగములలో సగమునకు మించినవనియు, తఱచుగా వచ్చు 100 బంధములకు సగటున 5.6 అర్థములు కలవనియు తేల్చిరి. ‘పుట్’, ‘అప్’ రెండును ఆ జాబితాలలోనివే. 2015లో గార్నియే, ష్మిట్ అనువారు 150 బంధములను తీసికొని, వాడుకలో నాలుగింట మూడు వంతులను ఆవరించు ముఖ్యార్థములను మాత్రమే ఏఱగా, బంధమునకు సుమారు రెండే తేలినవి. నిఘంటువు చూపు ఎడారికిని, నడచువాడు దాటవలసిన ఇసుకకును గల అంతరము ఇదియే.

ఈ లెక్కలు వెలువడుటకు చాల ముందే ఒక మహాప్రయోగము ఈ అర్థబాహుళ్యమను బండకు తగిలి చెదిరినది. 1930లో సి. కె. ఆగ్డెన్ ప్రపంచమంతటికిని సులభముగా నుండుటకై 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీష్’ను నిర్మించి, అందు క్రియలను 18కి కుదించెను. ఆ పదునెనిమిదిలో ‘పుట్’ ఒకటి. సహించుటకు, నిర్మించుటకు వేఱు క్రియలు తీసివేసిన లోటును ఇట్టి బంధములచేతనే పూరింపవలసివచ్చెను. మాటలు తక్కువే, కాని ఒక్కొక మాట వెనుక దాగిన బంధములు ఆ 850 లెక్కలోనికి రాలేదు. విదేశీయునకు ‘టాలరేట్’ అను ఒక మాట నేర్చుట సులువా, ‘పుట్ అప్ విత్’ అను మూడు చిన్నమాటల కుట్రను ఛేదించుట సులువా యని ఆగ్డెను తన్ను తాను ప్రశ్నించుకొనవలసి యుండెను. 1985లో డాగట్, లౌఫర్ అనువారు హీబ్రూ మాతృభాషగా గల విద్యార్థులు పదబంధక్రియలను తప్పించుకొని ఏకపదములనే ఆశ్రయించుచున్నారని చూపి, తమ భాషలో ఇట్టివి లేకపోవుటయే హేతువనిరి. నాలుగేండ్లకు హుల్‌స్టైన్, మర్చేనా అనువారు ఇట్టి క్రియలు దండిగా గల డచ్చి భాషీయులను పరీక్షించి, వారును గూఢార్థముగల బంధములను జంకుతో ఎడముగా నుంచుచున్నారని కనుగొనిరి. కావున స్వభాషలో నుండుటయు లేకుండుటయు ఒక్కటే కారణము కాదు. మనవారు ఉద్యోగపు దరఖాస్తులలో సులభమైన చిన్నమాట విడిచి లాటిన్ భారమునే మోయుటకు జంకుతోపాటు, పెద్దమాటయే మర్యాదయను నమ్మకమును కారణమే.

మాటల వరుసను గూర్చి కొంచెము. అతిథిని నామముతో చెప్పినచో ‘పుట్ అప్’ తరువాతను, రెంటి నడుమను కూడ నిలుపవచ్చును. సర్వనామమైనచో నడుమనే నిలుపవలెను. ‘పుట్ అప్ విత్’ మాత్రము విడిపోదు. వాక్యాంతమున విభక్త్యవ్యయము నిలువరాదను పాత నియమమును మూర్ఖముగా పాటించి దీనిని బలవంతముగా విడదీసినచో ఎంతటి హాస్యాస్పదమైన వాక్యము వచ్చునో చూపు ఛలోక్తి యొకటి చర్చిలుపేర లోకమున తిరుగుచున్నది. ఆయన దానిని పలికెననుటకు నమ్మదగిన ఆధారము లేదు. హాస్యము మాత్రము మంచిది.

మన దేశమున ఈ క్రియల పునర్జన్మ వేఱొక వింత. తెలుగు ఇంగ్లీషునుండి పదబంధక్రియలను క్రియలుగా కాక నామములుగా స్వీకరించినది. మేకప్ వేసికొనుట, చెకప్ చేయించుకొనుట, లాకప్‌లో పెట్టుట, విమానము టేకాఫ్ అగుట, ఇవన్నియు అవ్యయము క్రియకు అతికిపోయి గట్టిపడిన ముద్దలు. బిల్డప్ ఇచ్చుట యను మాటలో మనవారు ఆడంబరము, గొప్పలు అను అర్థమును దట్టించిరి. చదువు ముగించుటను ‘పాసవుట్’ అనుటను చూచి ఇంగ్లండువాడు మూర్ఛపోయినారా యని కంగారుపడును. కాని అది కేవలము మన తప్పు కాదు. సైనిక శిక్షణ ముగించుటకు ఆ దేశపు దండులలోనే ఈ మాట కలదు; డెహ్రాడూనులోని సైనిక అకాడమీలోను, హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలోను జరుగు పాసింగ్ అవుట్ పరేడ్ దాని ప్రత్యక్షసంతానము. అట్లే ‘మీరెక్కడ పుట్ అప్ అయినారు’ అను భారతీయుని ప్రశ్నలో సత్రమున దిగిన బాటసారి యర్థము సాగి, ఇరువదియేండ్లుగా అద్దెకున్న యింటివఱకు వచ్చినది.

అన్నిటికంటె గట్టిగా వేరూనినది కచేరీలలోని ‘పుటప్’. తపాలు వచ్చును, ఇన్‌వర్డు రిజిస్టరున సంఖ్య పడును, గుమాస్తా ఆ కాగితమును కరెంటు ఫైలున చేర్చి, నోటు ఫైలున పూర్వాపరములు, నిబంధన, తన సూచన వ్రాసి సూపరింటెండెంటునకు ‘పుటప్’ చేయును, ఆయన చేవ్రాలుతో అది మెట్టుమెట్టుగా పైయధికారికి చేరును. ఏదో సందేహము తోచిన అధికారి పాత కాగితములతో మరల పుటప్ చేయుడని అంచున ఒక పంక్తి గిలికి క్రిందికి పంపును. ‘ఫైలు ఇంకను పుటప్ కాలేదండీ, సోమవారము రండి’ యను వాక్యము వినని అర్జీదారుడు మన జిల్లాలలో అరుదు. కంటిముందుకు తెచ్చుట యను రెండవ పాయయు, పైకి పోవుట యను మొదటి పాయయు ఈ ఒక్క వాడుకలో కలిసినవి. క్రిందివాడు పైవానికి ఫైలు పుటప్ చేయును గాని, కలెక్టరు గుమాస్తాకు పుటప్ చేయుట యనునది ఎన్నడును జరుగదు. కాగితము మాయమై ఈ-ఆఫీసు తెరలపై ఫైళ్ళు నడచుచున్న ఈ కాలమునను ఆ మాట కదలలేదు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును క్రొత్తగా కూర్చువారు ‘పుట్ అప్’ క్రింద అర్థములను సంఖ్యలు వేసి పేర్చుటకు బదులు గోడ, అద్దె, అతిథి, అభ్యర్థి, ఊరగాయ యని కర్మపదముల వరుసన పేర్చి, వానితో సమానమైన గౌరవమిచ్చి ఫైలును కూడ చేర్చినచో, ఆ పుట మన విద్యార్థికిని, మన గుమాస్తాకును సమానముగా ఉపకరించును.